చెడిపోయిన కోర్సే తేవాలట మామా

నల్గొండ,
ఆదివారం రాత్రి

మామా,

ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే నీకు ఇంకో కాల్ వస్తుంది. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ఈ ఊళ్లో ఈ-లెర్నింగ్ కోర్సులు చేసేవాణ్ని నేనొక్కడినే అనుకునేవాణ్ని. నా పనేంటని ఎవరైనా అడిగితే అమ్మ ఇప్పటికీ "కంప్యూటర్‌లో పాఠాలు కుడతాడు" అంటుంది. తీరా చూస్తే మేం తొమ్మిది మందిమి! ఒక లెక్చరర్ సారు, ఇంట్లోనే వాయిస్ ఓవర్ చెప్పే ఒక అక్క, హైదరాబాద్ కంపెనీలకు ఇక్కడి నుంచే పనిచేసే పిల్లలు. నెలకో ఆదివారం గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపు మేడమీద కూర్చుంటున్నాం. షరతు ఒక్కటే. బాగా వచ్చిన కోర్సు తేవద్దు, చెడిపోయింది తేవాలి.

నా దగ్గర వాటికేం కరువు! ఒక కంపెనీకి సేఫ్టీ కోర్సు చేశానని చెప్పాను కదా, 140 స్లైడ్లు. చాలా దూరం వెళ్లి మూసేసినవాళ్లు మళ్లీ తెరిస్తే మొదటి స్లైడ్‌కే వస్తున్నారు. కొంచెమే చూసినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. మూడు రాత్రులు నిద్ర లేదు, వాళ్ల ఎల్ఎంఎస్‌ను, అదే, కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌ను, నోటికొచ్చినట్టు తిట్టుకున్నా. ఆ అక్క చాయ్ తాగుతూ, "తమ్మీ, ఏ స్కార్మ్‌లో పబ్లిష్ చేశావు?" అంది. 1.2 అన్నాను. "మరింకేం, సంచి నిండింది" అంది.

స్కార్మ్ అంటే నీకు తెలిసిందే, కోర్సూ ఎల్ఎంఎస్సూ మాట్లాడుకునే రూళ్లు. సంగతేంటంటే, మనిషి ఎక్కడిదాకా వచ్చాడో రాసిపెట్టుకోవడానికి స్కార్మ్ 1.2 ఇచ్చే చోటు 4,096 అక్షరాలే. స్లైడ్లు, జవాబులు పెరిగేకొద్దీ ఆ రాత పెరుగుతుంది. అది తెగిందంటే కోర్సుకు తన రాత తనకే అర్థం కాదు. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో 64,000 దాకా పడతాయి కానీ, ఆ కంపెనీ ఎల్ఎంఎస్ 1.2 తప్ప తీసుకోదు. కోర్సును మూడు ముక్కలు చేసి ఇచ్చాను, పీడ వదిలింది. ఆ 1.2 వచ్చింది 2001లో! మనం గోలీలాడుకునే రోజుల నాటి రూలు నా నిద్ర పాడుచేసింది.

ఇవాళ సారు వంతు. తాగునీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే 'నల్గొండ టెక్నిక్' మీద పాఠం తెచ్చాడు. పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు 1970లలో మన ఊరి పేరే పెట్టిన పద్ధతి. క్విజ్‌లో మొదటి ప్రశ్న, నీరీ పూర్తి పేరేమిటి అని! "సార్, ఇది పాసైనవాడు ఒక్క బకెట్ నీళ్లు బాగుచేయగలడా?" అని అడిగేశాను. నా గొంతు కాస్త పెరిగింది మామా. ఆ ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన, మర్రిగూడ వైపున్న మా మేనత్త నడుము నీకు గుర్తుంది కదా.

సారు చిన్నబుచ్చుకోలేదు. అక్కడే కూర్చొని మార్చాం. తెరమీద బకెట్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ మనమే వేయాలి. పటికలో ఇరవయ్యో వంతే సున్నం. పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు తేరనివ్వాలి. తొందరపడి వంచితే అడుగున దిగిన మడ్డి గ్లాసులోకి వస్తుంది. తప్పని ఎర్రక్షరాలు అక్కర్లేదు, ఆ గ్లాసు చూస్తే చాలు.

ప్రతిసారీ ఇలాగే జరగదులే. పోయిన నెల ఒకడు తన టెంప్లేట్లు అమ్ముకోవడానికే వచ్చాడు, చాయ్ డబ్బులు కూడా ఇవ్వలేదు.

దసరాకు వస్తావు కదా, నీ పాత ఫ్లాష్ కోర్సులున్న హార్డ్ డిస్క్ పట్టుకురా. వాటిని ఆడించే ఫ్లాష్ ప్లేయర్ 2020తో ఆగిపోయాక నువ్వు వాటి ముఖం చూసి ఉండవు. తెరుచుకోకపోతే మరీ మంచిది, లోపలికి రానిస్తారు.

నీ
మామ