పేజ్ సెట్టు అని అమ్మాను, కానీ అది పేజ్ సెట్టు కాదు

మార్చిలో 12 లైన్ల (రెండు అంగుళాల ఎత్తు) గాతిక్ (తోకల్లేని సాదా అక్షరాల) చెక్క టైపు సెట్టు, అంటే పోస్టర్లు అచ్చువేసే చెక్క అక్షరాల సెట్టు ఒకటి "విలియం పేజ్ కంపెనీది, 1891కి ముందుది" అని రాసి అమ్మాను కదా, ఆ రాసింది తప్పు. కావాలని చేయలేదు గానీ తప్పు మాత్రం నాదే, కొన్నాయనకి డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశాను. మీ అందరికీ ఎందుకు చెప్తున్నానంటే, మీలో చాలామంది నా దగ్గర ఇలాంటి చెక్క అక్షరాలతో చేయించుకున్న పేర్ల ఫ్రేములకీ ఈ గొడవకీ సంబంధం ఉంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. పోస్టర్లకి కావలసిన పెద్ద పెద్ద అక్షరాలు లోహంతో పోత పోస్తే బరువు, ఖర్చు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ రౌటర్‌తో (గిర్రున తిరుగుతూ చెక్కని తొలిచే పనిముట్టు) చెక్క మీద కోయడం మొదలుపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ కలిపాడు, నమూనా అంచు వెంట ముల్లు తిప్పుతుంటే అవతల కట్టర్ అదే ఆకారం కోసుకుంటూ పోతుంది. ఆ తర్వాత కనెక్టికట్‌లో పేజ్ కంపెనీ పెద్ద పేరు తెచ్చుకుంది. 1880లో విస్కాన్సిన్‌లోని టూ రివర్స్‌లో జేమ్స్ హామిల్టన్ దిగాడు, హాలీ చెక్కతో అక్షరం కోసి వేరే చెక్క దిమ్మకి అతికించి చవగ్గా అమ్మాడు, 1891కల్లా పేజ్ వ్యాపారాన్నే కొనేశాడు. అందుకే పేజ్ ముద్ర కనిపిస్తే కొనేవాళ్లు నాలుగు డాలర్లు ఎక్కువైనా పెడతారు, నేనూ పెడతాను.

చిక్కేమిటంటే ఆ ముద్ర ప్రతి అక్షరం మీదా ఉండదు. మామూలుగా ఇంగ్లిష్ క్యాపిటల్ 'ఏ' (A) పక్క భాగంలో మాత్రమే కొట్టేవాళ్లు. ఇంగ్లిష్ రాతకి 'ఈ'లు ఎక్కువ కావాలి గానీ మన పేర్లకి 'ఏ'లు కావాలి, అనన్యకి మూడు, సహస్రకి మూడు! చిన్న సెట్టుని 3ఏ అంటారు, అంటే అందులో ఉండేవే మూడు 'ఏ'లు. ఒక్క పాప పేరుతో సెట్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ గోడకెక్కేస్తాయి.

నా దగ్గర జరిగింది అదే. రెండేళ్ల క్రితం ఆ సెట్టులోని 'ఏ'లు ఒక ఫ్రేముకి వాడేశాను, ట్రే బోసిగా ఉందని అదే సైజు 'ఏ'లు వేరే పెట్టెలోంచి తీసి సర్దాను, ఎక్కడా రాసుకోలేదు. ఈ మార్చిలో తిప్పి చూస్తే పేజ్ ముద్ర కనబడింది, ఇంకేం, సంబరంగా ఫోటో పెట్టేశాను.

పట్టుకున్నది కొన్నాయనే. ప్రూఫ్ (సిరా పూసి కాగితం మీద వేసే నమూనా అచ్చు) తీస్తే 'ఏ' ఒక్కటే మసగ్గా పడిందట. అమెరికన్ టైపు ఎత్తు, అంటే దిమ్మ అడుగు నుంచి సిరా అంటే ముఖం దాకా, 0.918 అంగుళం ఉండాలి, అరిగిన అక్షరం వెంట్రుకవాసి తగ్గినా సిరా సరిగా అంటదు. పైగా గీతలు మిగతావాటికంటే సన్నంగా ఉన్నాయి. ఆయన మెయిల్ చదివాక నాకు పాత సంగతి గుర్తొచ్చింది, ఆ ఫ్రేము కొన్న కుటుంబాన్ని బతిమాలితే పాపం వెనక అట్ట ఊడదీసి 'ఏ' పక్క భాగం ఫోటో పంపారు. హామిల్టన్, టూ రివర్స్ అని స్పష్టంగా ఉంది.

ఇకనుంచి ముద్ర ఉన్న 'ఏ'ని సెట్టు నుంచి విడదీసి అమ్మను. పేర్ల ఫ్రేములకి సెట్టు చెదిరిపోయిన విడి అక్షరాలే వాడతాను, వాటిలో లావు సన్నం తేడాలు ఉంటాయి, నాకైతే అలాగే బాగుంటాయి, మీకు నచ్చకపోతే ముందే చెప్పండి. పూర్తి సెట్లకి 'ఏ' ముద్రతో పాటు పక్కల, అడుగు ఫోటోలు, ప్రూఫ్ కూడా పెడతాను, దీనివల్ల కొత్త సరుకు నెలకి రెండు సెట్ల కంటే ఎక్కువ రాదు.

ఇంతకుముందు కొన్నవాళ్లు మీ 'ఏ'లని ఒకసారి పక్కకి తిప్పి చూడండి, ముద్ర ఉంటే ఫోటో పంపండి, ఏ సెట్టులోదో రాసుకుంటాను. అక్షరం వెనక్కి అడగను, టెన్షన్ వద్దు. సరిగా కనబడలేదని తడిగుడ్డతో మాత్రం రుద్దకండి, చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, మొదటి ఏడాది నేను అలాగే ఐదు అక్షరాలు పాడుచేశాను.