ఒక్క రాత్రి స్లీప్‌లో పెట్టి చూడమంటే రెండు నెలలు తిప్పారు

తెనాలి,
25 ఆగస్టు 2025

కస్టమర్ సర్వీస్ అధికారి గారికి,

విషయం: స్లీప్‌లో పెడితే తిరిగి లేవని డెస్క్‌టాప్ గురించీ, ఒక్క పరీక్ష కూడా చెయ్యకుండా మూడు టికెట్లు (నా ఫిర్యాదులు) మూసేసిన మీ సర్వీసు గురించీ

అయ్యా,

ఇంతకుముందు మూడు మెయిళ్ళు పంపాను. మూడింటికీ "మీ సందేశం మాకు అందింది" అని దానంతటదే వచ్చే జవాబు తప్ప, మనిషి రాసిన ముక్క ఒక్కటి రాలేదు. అందుకే ఈసారి ప్రింటు తీసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకుంటారు.

తెనాలిలో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, 2004 నుంచి ఇదే మా ఇంటి బతుకు. మీ కంపెనీ డెస్క్‌టాప్ మొదట 2009లో కొన్నాను, రెండోది 2016లో, ఈ మూడోది 2024 దసరాకి. మా వీధిలో కొత్తగా కంప్యూటర్ కొనేవాళ్ళు నన్ను అడిగి కొంటారు. నా మాట మీద మీ మెషిన్లు కొన్నవాళ్ళు నాకు గుర్తున్నంతవరకు తొమ్మిదిమంది. ఇది గొప్ప కోసం రాయడం లేదు, ఇన్నేళ్ళుగా మిమ్మల్ని నమ్మినవాడికి మీ దగ్గర ఎంత విలువ ఉందో ఈ రెండు నెలల్లో చూశాను కాబట్టి రాస్తున్నాను.

సమస్య రెండు ముక్కల్లో చెప్తాను. రాత్రి షాపు మూసేటప్పుడు స్లీప్‌లో పెడతాను, అంటే తెరిచిన పని అలాగే ఉంచి కంప్యూటర్ని నిద్రపుచ్చుతాను. ఉదయం మౌస్ కదిపితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కీబోర్డు మీద ఏం నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యాలి, అప్పటికి తెరిచి ఉంచిన పని అంతా పోతుంది. వారంలో ఆరు రోజులు షాపు తెరిస్తే నాలుగు రోజులు ఇదే. మిగతా రెండు రోజులు బాగానే లేస్తుంది. మీ వాళ్ళకి దొరకనిది ఇక్కడే, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి బాగానే వచ్చే జబ్బుని పట్టుకోవాలంటే ఓపిగ్గా కూర్చోవాలి.

స్లీప్ ఎందుకు, షట్‌డౌన్ చేసుకోవచ్చు కదా అని మీ కాల్ సెంటర్లో నలుగురు అడిగారు. శుభలేఖల సీజన్లో ఒకేసారి ఏడెనిమిది ఫైళ్ళు తెరిచి ఉంటాయి, ఒక్కో పార్టీ వచ్చి పేరు మార్చమంటారు, ముహూర్తం మార్చమంటారు. ఉదయం షాపు తెరిచేది మా ఆవిడ. మౌస్ కదిపితే నిన్న ఎక్కడ ఆగానో అక్కడ కనిపించాలి, వచ్చినవాళ్ళకి ప్రూఫ్ చూపించాలి. 2016లో కొన్న మీ మెషిన్ ఎనిమిదేళ్ళు రోజూ రాత్రి ఇలాగే పడుకుని పొద్దున్నే లేచింది. మెనూలో మీరు ఇచ్చిన పనే నేను వాడుకుంటున్నాను, కొత్తగా ఏదీ కోరలేదు.

జూన్ 18న మొదటి ఫోన్ చేశాను. అప్పుడు ఇంకో గొడవ కూడా ఉండేది, అర్ధరాత్రి దానంతటదే లేచేది. షట్టరు సందులోంచి వెలుగు వస్తోందని మా కాంప్లెక్సు వాచ్‌మన్ రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే దొంగలనుకుని పరిగెత్తుకెళ్ళాను. ఇదంతా నలభై నిమిషాలు వివరించాక ఆ అబ్బాయి చెప్పింది ఒకటే, విండోస్ ఫార్మాట్ కొట్టండి అని. ఫార్మాట్ కొడితే నా తెలుగు ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు, కటింగ్ సైజులు అన్నీ మళ్ళీ పెట్టుకోవాలి, అసలు కారణం ఏమిటో చూడరా అంటే, "మా స్క్రిప్టులో తర్వాతి స్టెప్ అదే సార్" అన్నాడు. చెయ్యనన్నాను. సాయంత్రానికి టికెట్ మూసేశారు, కారణం "కస్టమర్ సహకరించలేదు". ఆ మాట ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. గుచ్చుకుంది.

ఆ అర్ధరాత్రి సంగతి తేల్చింది హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు. ఫోన్లోనే చెప్పాడు, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ లాస్ట్‌వేక్ అని కొట్టు మామయ్యా, ఎవరు లేపారో చెప్తుంది అని. నెట్‌వర్క్ కార్డు పేరు వచ్చింది. డివైస్ మేనేజర్లోకి వెళ్ళి, ఈ పరికరం కంప్యూటర్ని లేపవచ్చు అనే చోట టిక్కు తీసేశాను. పవర్ ఆప్షన్స్‌లో, పెట్టిన టైముకి దాన్ని లేపే వేక్ టైమర్లు కూడా ఆపేశాను. ఆ రాత్రి నుంచి అది దానంతటదే లేవలేదు. పది నిమిషాల పని, ఫార్మాట్ అక్కర్లేదు. జీతం తీసుకునే మీ మనుషులకి ఈ ఒక్క కమాండ్ ఎందుకు నేర్పలేదో నాకు జవాబు కావాలి.

పొద్దున్నే లేవకపోవడం మాత్రం పోలేదు. రెండో టికెట్ పెట్టాను. బిల్లు మీద ఆన్‌సైట్ వారంటీ, అంటే మీ మనిషే నా షాపుకి వచ్చి బాగుచేసే వారంటీ అని రాసి ఉంది. జూలై 10న వస్తామన్న టెక్నీషియన్ 14న వచ్చాడు, అదీ నేను ఐదుసార్లు ఫోన్ చేశాక. చేతిలో ఒక స్క్రూడ్రైవర్ తప్ప ఏ పార్టూ లేదు. కంప్యూటర్లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, కెర్నెల్ పవర్ 41 అని ఎర్రగా కనిపించిన వరసలు చూపించి, "చూశారా సార్, పవర్ ప్రాబ్లం, మీ యూపీఎస్ మార్చుకోండి" అన్నాడు. ఆ 41 చెప్పేది ఒకటే: కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా మళ్ళీ మొదలైంది అని. తెర రాక మేమే పొద్దున్న బటన్ నొక్కిపట్టి ఆపుతుంటే ఆ వరస పడక ఏం పడుతుంది? టైములు చూడు బాబూ, అన్నీ ఉదయం తొమ్మిది దాటాకే ఉన్నాయి, మేము బటన్ నొక్కిన టైమే అది అని వేలు పెట్టి చూపించాను. పాత మెషిన్ కూడా ఇదే యూపీఎస్ మీద ఎనిమిదేళ్ళు నడిచిందని చెప్పాను. విన్నట్టే తలూపి, కాగితం మీద "కస్టమర్ వైపు పవర్ సమస్య" అని రాసి నా సంతకం అడిగాడు. పెట్టలేదు. సంతకం లేకుండానే రెండో టికెట్ కూడా మూసేశారు.

నేనేం ఊరుకోలేదు. పక్క షాపు నుంచి వేరే యూపీఎస్ తెచ్చి పెట్టాను, అదే తంతు. మానిటర్ మార్చాను, కేబుల్ మార్చాను, కీబోర్డు, మౌస్ తప్ప వెనక ఉన్నవన్నీ పీకేశాను, అదే తంతు. తర్వాత మేనల్లుడు స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టి చూడమన్నాడు. అందులో తెరిచి ఉన్న పనంతా డిస్కు మీద రాసుకుని కరెంటు పూర్తిగా ఆపేస్తుందట, స్లీప్‌లో అయితే పని మెమరీలోనే ఉంటుంది, దానికి కొంచెం కరెంటు అందుతూనే ఉండాలి. వారం రోజులు హైబర్నేట్‌లో పెట్టాను, ఒక్కరోజు కూడా తప్పలేదు. రీస్టార్టు బాగుంది, షట్‌డౌన్ బాగుంది, హైబర్నేట్ బాగుంది, స్లీప్ నుంచి లేవడమే రావడం లేదు. అయితే బయాస్‌లో (విండోస్ కంటే ముందు మెషిన్ని మొదలెట్టే ప్రోగ్రాములో) లేదంటే మదర్‌బోర్డులో తేడా ఉండి ఉంటుందని నాలాంటి టైపింగ్ చేసుకునేవాడికే అర్థమవుతోంది.

ఇదంతా తారీఖులతో సహా మెయిల్లో రాసి పంపాను. చదివినవాళ్ళు లేరు. ఫోన్ చేస్తే ఒకమ్మాయి, బయాస్ మీరు అప్‌డేట్ చెయ్యకండి, మధ్యలో ఆగితే వారంటీ పోతుంది అంది. రెండు రోజుల తర్వాత ఇంకొకరు, బయాస్ అప్‌డేట్ ఎందుకు చెయ్యలేదు అని నన్నే నిలదీశారు. సర్వీస్ సెంటర్ వాళ్ళని అడిగితే కాల్ సెంటర్ అప్రూవల్ కావాలన్నారు, కాల్ సెంటర్ని అడిగితే సర్వీస్ సెంటర్ చూసుకుంటుందన్నారు. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరా? ప్రతిసారీ పేరు, ఫోన్ నంబరు, సీరియల్ నంబరు మొదటినుంచీ చెప్పి, మళ్ళీ "సమస్య ఏమిటి సార్" దగ్గర మొదలెట్టాలి. ఒకావిడ అయితే, "సెట్టింగుల్లో స్లీప్ నెవర్ అని పెట్టుకోండి, ఇక సమస్య రాదు" అంది. లేవని మెషిన్‌కి నిద్రే లేకుండా చెయ్యడం రిపేరా అండీ?

జూలై 28, శ్రావణం మొదలై మూడు రోజులైంది. మా వ్యాపారానికి ఏడాదిలో పెద్ద సీజన్లలో అదొకటి. సరిగ్గా అప్పుడు, అబ్జర్వేషన్‌లో పెడితే తప్ప పార్టు అప్రూవల్ రాదు, విజయవాడ తీసుకురండి అన్నారు. ఆన్‌సైట్ వారంటీ ఉన్నవాణ్ణి, సీపీయూ దుప్పట్లో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని రైల్లో తీసుకెళ్ళాను. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను, రాత్రంతా స్లీప్‌లో పెట్టి ఉదయం లేపి చూడండి, రెండు మూడు రాత్రులు చూడండి అని. పదకొండు రోజులు ఉంచుకున్నారు. ఆగస్టు 7న వెళ్తే "నో ఫాల్ట్ ఫౌండ్", ఏ లోపమూ కనబడలేదు అన్న కాగితం చేతిలో పెట్టారు. స్లీప్‌లో పెట్టి చూశారా అని కౌంటర్లో ఉన్న అబ్బాయిని అడిగాను. "షట్‌డౌన్ చేసి ఆన్ చేశాం సార్, ప్రతిసారీ బాగానే వచ్చింది" అన్నాడు.

అయ్యా, ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. పది రాత్రులు మెషిన్ మీ దగ్గర ఉంది. నేను అడిగిన పరీక్షకి కావల్సింది ఒక్క క్లిక్కు, తర్వాత మీరంతా ఇంటికెళ్ళి నిద్రపోవడమే. అదీ చెయ్యలేదు. పైగా నన్ను అడగకుండా విండోస్ మొత్తం తుడిచేసి కొత్తగా వేశారు. నా పని ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది, ఫాంట్లూ ప్రింటర్లూ మళ్ళీ పెట్టుకోవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మెషిన్ తెచ్చుకున్న మర్నాడు వరలక్ష్మీ వ్రతం, మా ఆవిడ పూజ ముగించుకుని షాపుకి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. అంటే విండోస్ కొత్తగా వేసినా మొదటి రాత్రే అదే జబ్బు. మీ ఫార్మాట్ సలహా ఏ పాటిదో మీ చేతులతోనే తేలింది.

ఆ పదకొండు రోజుల్లో నాలుగు శుభలేఖల ఆర్డర్లు వేరే షాపుకి పోయాయి. అందులో ఒకరు వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి కార్డు కూడా నా దగ్గరే వేయించుకున్నవాళ్ళు. "ఏం అనుకోకు అన్నయ్యా, ముహూర్తం దగ్గర పడింది" అన్నారు. వాళ్ళని ఏమనగలను.

ఆగస్టు 9న పెట్టిన మూడో టికెట్‌కి ఒక్క ఫోను రాలేదు. 16న మాత్రం, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని మెసేజ్ వచ్చింది. ఏ మనిషీ నాతో మాట్లాడకుండా, ఏ మనిషీ మెషిన్ ముట్టకుండా ఏం పరిష్కారమైందో చెప్పండి. మెషిన్లు పాడవుతాయి, నాకు తెలుసు, నా ప్రింటరూ పాడవుతుంది. ఇరవై ఏళ్ళుగా పని చేసుకుంటున్న మనిషి ఇదిగో ఇలా జరుగుతోంది అని తారీఖులతో చెప్తుంటే ఒక్కరూ నమ్మి చూడకపోవడం, అదే నేను తట్టుకోలేకపోతున్నాను. మా షాపులో కార్డు మీద ఒక్క అక్షరం తప్పు పడితే వంద కార్డులూ నా డబ్బుతో మళ్ళీ వేసిస్తాను. పార్టీని "సహకరించలేదు" అని పంపెయ్యను.

వారంటీ అక్టోబరులో అయిపోతుంది. అప్పటిదాకా ఇలా సాగదీసి, ఆ తర్వాత మదర్‌బోర్డుకి డబ్బు కట్టమంటారని నా భయం. అది కుదరదు, మొదటి ఫిర్యాదు జూన్ 18దే, మీ టికెట్లే సాక్ష్యం. బయాస్ అప్‌డేట్ మీ మనిషి వచ్చి మీ బాధ్యత మీద చెయ్యాలి, దానితో తగ్గకపోతే మదర్‌బోర్డు మార్చాలి, అదీ తెనాలిలో, నా షాపులో. పోగొట్టిన రోజులకి వారంటీ పెంచాలి. "కస్టమర్ సహకరించలేదు" అన్న మాట రికార్డులోంచి తీసేసి, తీసేశామని నాకు రాసివ్వాలి. నిజం చెప్పాలంటే పార్టు కంటే నాకు ఆ కాగితమే ముఖ్యం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. దానికీ కదలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ హెడ్డాఫీసు ఏ ఊళ్ళో ఉన్నా, నేనుండే చోటే కేసు వెయ్యొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెప్తోంది. ఐదు లక్షల లోపు సరుక్కి ఫీజు కూడా లేదు. మీ మెసేజ్‌లు, టెక్నీషియన్ రాసిన కాగితం, "నో ఫాల్ట్ ఫౌండ్" కాగితం, రోజూ పొద్దున్న నల్ల తెర ముందు మా ఆవిడ తీసిన ఫోన్ వీడియోలు, తారీఖుల వారీగా అన్నీ ఫైల్లో పెట్టాను.

జవాబు ఫోన్లో వద్దు, రాతలో ఇవ్వండి. మనిషిని పంపేటట్టయితే సాయంత్రం ఎనిమిదింటికి పంపండి. ఆయన చేత్తోనే స్లీప్‌లో పెట్టించి షట్టరు దించుతాను. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మళ్ళీ రావాలి, ఆయనే మౌస్ కదపాలి. బుధవారం వినాయక చవితి, ఆ ఒక్కరోజు షాపు ఉండదు.

ఇట్లు,
2009 నుంచి మీ కస్టమర్,
డీటీపీ షాపు, తెనాలి, గుంటూరు జిల్లా