అక్షరాలు రాకముందే కళ్లు చూపించాలి

సంపాదకులకు,

బడులు తెరిచే రోజులు కావడంతో ఒకటో తరగతిలో చేరబోయే పిల్లలకు సంచులు, యూనిఫాంలు సిద్ధమవుతున్నాయి గానీ, ఆ పిల్లలు బోర్డు మీది రాతను రెండు కళ్లతోనూ చూడగలుగుతున్నారా అన్న సందేహం చాలా ఇళ్లలో ఎవరికీ రాదు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు కార్యక్రమం తొలి విడతల్లో బడిపిల్లలకే పరీక్షలు చేయడం మెచ్చదగిన పనే. అయితే కొన్ని లోపాలను అంతకంటే ముందే, మూడు నుంచి ఐదేళ్ల మధ్య, పిల్లలు అంగన్‌వాడీలో ఉండగానే పట్టుకోవాలనీ, ఆ ఈడు పిల్లల మీద మన శ్రద్ధ చాలడం లేదనీ చెప్పడానికే ఈ లేఖ.

పెద్దవాళ్లకు చూపు తగ్గితే వాళ్లే చెబుతారు. మొదటినుంచీ మసగ్గానే చూస్తున్న పిల్లవాడు మాత్రం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. అందులోనూ లోపం ఒక్క కంటికే ఉంటే రెండో కన్ను పనంతా నెట్టుకొస్తుంది కాబట్టి, వాడు పరుగెడతాడు, బంతి పడతాడు, సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూస్తాడు. తల్లిదండ్రులకు అనుమానం వచ్చే అవకాశమే ఉండదు. ఈలోగా మసక బొమ్మను పంపే కంటిని మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. ఆంబ్లియోపియా అనే ఈ స్థితిని ఏడెనిమిదేళ్లలోపు గుర్తిస్తే, కళ్లజోడుతోనూ, అవసరమైతే బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయడంతోనూ చాలావరకు సరిచేయవచ్చు. ఆ ఈడు దాటినకొద్దీ ఫలితం తగ్గుతుంది. పదో తరగతిలో అద్దాలు పెట్టినా ఆ కన్ను పూర్తిగా తేరుకోకపోవచ్చు.

అందుకే ఒక్కో కంటినీ విడివిడిగా పరీక్షించాలి. నేను ప్రాథమిక పాఠశాలలో పనిచేసే రోజుల్లో ఒక పిల్లవాడి ఎడమ కన్ను అరచేత్తో మూసి గోడమీది బొమ్మలేమిటో అడిగితే కాకి, ఆవు, గంప అంటూ గబగబా చెప్పాడు. కుడి కన్ను మూయగానే మెడ తిప్పి, నా వేళ్ల సందుల్లోంచి చూడబోయి, చివరకు చెయ్యి తోసేశాడు. ఆసుపత్రిలో చూపిస్తే ఎడమ కంటికి ఎక్కువ పవరు ఉందని తేలింది. పిల్లలు అల్లరికి కూడా చెయ్యి తోసేస్తారు కాబట్టి ఇంట్లో దీన్ని ఆటలా రెండు మూడుసార్లు చేసి చూడాలి. ప్రతిసారీ ఒకే కన్ను మూసినప్పుడు పేచీ పెడుతుంటే డాక్టరుకు చూపించాలి. పేచీ పెట్టనంత మాత్రాన లోపం లేదని మాత్రం అనుకోరాదు. బోర్డు వదిలేసి పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకోవడం, తల ఎప్పుడూ ఒకే పక్కకు వాల్చి చూడడం, ఎండలోకి రాగానే ఒక కన్ను మూసుకోవడం కూడా టీచర్లు గమనించవలసినవే.

మెల్లకన్ను అదృష్టమనే మాట మన ఊళ్లలో ఇంకా పోలేదు. పుట్టిన తొలి రెండు మూడు నెలల్లో చూపు అప్పుడప్పుడు పక్కకు తిరగడం మామూలే గానీ, నాలుగు నెలలు దాటాక కూడా మెల్ల కనిపిస్తే పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని ఆగకూడదు. అలాగే పసిబిడ్డ కళ్లు చక్రాల్లా ఉన్నాయని మురిసిపోయేవారు, ఆ కళ్లు నీరు కారుతూ, బిడ్డ వెలుతురు చూడలేక ముఖం దాచుకుంటుంటే అది పుట్టుకతో వచ్చే నీటికాసులు (కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోగొట్టే గ్లాకోమా) కావచ్చని తెలుసుకోవాలి. మేనరికాల్లో దీని ముప్పు ఎక్కువ. ఇక నల్లగుడ్డు మధ్యలో తెల్లని మెరుపు కనిపించినా, ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో ఒక కన్ను తెల్లగా పడుతున్నా, అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. ఒక్క వారం కూడా ఆగరాదు. ఆముదం, తల్లిపాలు, ఆకుపసరు కళ్లలో వేస్తూ కాలయాపన చేయడం దేనికీ మందు కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకైతే నెల రోజుల్లోపే రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష జరగాలి.

అక్షరాలు రాని పిల్లకు పరీక్ష ఎలా చేస్తారని చాలామంది అడుగుతారు. కంట్లో చుక్కలు వేసి, లైటు వేసి చూసి, పిల్ల నోరు విప్పకుండానే పవరు ఎంతో డాక్టర్లు చెప్పగలరు. మూడేళ్లు దాటిన పిల్లలకు బొమ్మల చార్టులు ఉన్నాయి.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నిబంధనల ప్రకారం వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ కేంద్రాలకు రావాలి. బరువు, ఎత్తు చూసి వెళ్లిపోకుండా, మూడేళ్లు నిండిన ప్రతి పిల్లకూ ఒక్కో కన్ను మూసి బొమ్మల చార్టుతో పరీక్ష చేసి, రెండు కళ్ల చూపునూ వేర్వేరుగా నమోదు చేయాలని అధికారులను కోరుతున్నాను. కళ్లజోడు ఇచ్చాక పని అయిపోయిందనుకోవడం కూడా సరికాదు. ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు సంబంధాలు రావని దాచేసేవారున్నారు, విరిగిన ఫ్రేము బాగుచేయించుకోలేనివారూ ఉన్నారు. మూడు నెలల తర్వాత ఆ పిల్లలు అద్దాలు పెట్టుకుంటున్నారో లేదో చూసి, విరిగినవాటికి బదులు కొత్తవి ఇచ్చే బాధ్యతను మండల స్థాయిలో ఒకరికి అప్పగించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి