బహిరంగ లేఖ: భుజంలో బిడ్డ కనిపించదు, మంత్రి గారూ!

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతిలోని ఒక బోధనాసుపత్రిలో ఎముకల వైద్యం మూడో ఏడాది పీజీ చదువుతున్నాను. ఈ లేఖలో మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. కీళ్లను చూడడానికి మా ఎముకల విభాగానికి ఒక అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రం కావాలని పై అధికారులకు మూడుసార్లు రాసి ఇచ్చిన సంగతే. మొదటి అర్జీకి జవాబే రాలేదు. రెండో దానికి ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. మూడోదాన్ని ‘ఎముకల విభాగానికి స్కానింగ్ యంత్రం ఎందుకు?’ అని కొర్రీ వేసి తిప్పి పంపారు. ఎందుకో చెప్పడానికి రాసిందే ఆ అర్జీ, అదీ రెండు పేజీలు. మొదటి పేరా చదివినా ఆ కొర్రీ పడేది కాదు. అందుకే ఈసారి నలుగురూ చదివేచోట రాస్తున్నాను, మన్నించండి.

లింగ నిర్ధారణ నిషేధ చట్టం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకుండా స్కానింగ్ యంత్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన 1994 నాటి ఆ చట్టం ఉండాల్సిందే, ఇప్పటికన్నా గట్టిగా అమలు కావాల్సిందే. నా గొడవ చట్టంతో కాదు. స్కానింగ్ అన్న మాట వినగానే అందరూ చేతులు వెనక్కి తీసుకోవడంతోనే. 3 ఏళ్ల జైలు, 10 వేల రూపాయల జరిమానా అని తెలిశాక ఫైలు మీద సంతకం పెట్టడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? వాళ్లనూ తప్పు పట్టలేను. కానీ అయ్యా, మేము చూడాలంటున్నది భుజం, మోకాలు, మణికట్టు. మోచేతిలో ఆడపిల్ల కనిపిస్తుందో మగపిల్లాడు కనిపిస్తాడో అని భయమా?

మా ఆసుపత్రిలో ఒక చిన్న యంత్రం ఉంది. రేడియాలజీ విభాగంలో తాళం వేసిన చివరి గదిలో, ప్లాస్టిక్ తొడుగు కింద. కీళ్లు చూడడానికి పనికొచ్చే సన్నటి, తిన్నటి ప్రోబు (ఒంటికి ఆనించి చూసే పరికరం) దానికి తగిలించే ఉంది, వైరుకు కట్టిన కంపెనీ వాళ్ల తీగ కూడా ఇంకా విప్పలేదు. ఆ గది పేరు మీదే రిజిస్ట్రేషన్ కాబట్టి యంత్రం అక్కడి నుంచి కదలకూడదు. మా పేర్లు రిజిస్ట్రేషన్‌లో లేవు కాబట్టి మేము అక్కడికి వెళ్లి ముట్టుకోకూడదు. మా ఓపీ గదికీ ఆ తలుపుకూ మధ్య నలభై అడుగులు ఉంటుందేమో. పోనీ రేడియాలజీ వాళ్లనే నేర్పమందామంటే, పొద్దున ఎనిమిదికే గర్భిణులు బెంచీల నిండా కూర్చుని ఉంటారు. ప్రమాదాల కేసులు వేరే. ఆ డాక్టర్లకు మంచినీళ్లు తాగే తీరిక ఉండదు. వాళ్లను నేనెలా అడగను?

ఒక్క సంగతి చెబుతాను. నేను మొదటి ఏడాదిలో ఉండగా చంద్రగిరి వైపు నుంచి ఒక తల్లి పది వారాల పాపను ఎత్తుకొచ్చింది. తొలి కాన్పు, ఎదురుకాళ్లతో పుట్టిన ఆడపిల్ల. పుస్తకంలో తుంటి కీలు జారే పిల్లల గురించి రాసిన లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి. కాలు పక్కకు తిప్పితే నా వేళ్లకు టక్కుమని తగిలింది. తగిలిందా, తగిలిందనుకున్నానా? ఆ వయసులో తొడ ఎముక తల ఇంకా మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో కనిపించదు. స్కానింగ్‌లో కనిపిస్తుంది. ఆస్ట్రియా డాక్టరు గ్రాఫ్ 1980లోనే దారి చూపించాడు: తొడ ఎముక తల కూర్చునే తుంటి గిన్నె వాలును కోణంతో కొలవాలి, 60 డిగ్రీలూ ఆపైన ఉంటే మామూలు. కొలవడం వచ్చినవాళ్లకు కొద్ది నిమిషాల పని. నాకు రాదు. వచ్చినా ఆ తాళం ఉంది. స్కానింగ్‌కు రాసి పంపితే ఐదు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. ఆ తల్లి కూలికి వెళ్లే మనిషి. తిరిగి రాలేదు.

మొన్న వచ్చింది. పాపకు రెండేళ్లు నిండబోతున్నాయి. ఓపీ గదిలోకి నడిచే వచ్చింది, ఒక పక్కకు ఒరిగిపోతూ. కాళ్లకు కొత్త గజ్జెలు. అడుగడుగుకూ ఒక కాలి గజ్జె గట్టిగా, ఇంకో కాలిది నెమ్మదిగా మోగుతోంది. ఆరు నెలల లోపు దొరికి ఉంటే చాలామంది పిల్లలకు మెత్తటి పట్టీల బెల్టుతోనే సర్దుకుంటుంది. ఇప్పుడు కీలు తెరవాలి, బహుశా ఎముక కోసి తిప్పాలి, ఆ తర్వాత నడుము నుంచి కింది దాకా వారాల తరబడి పిండికట్టు. ‘అప్పుడే చెప్పి ఉంటే వచ్చేదాన్ని కదయ్యా’ అంది ఆ తల్లి. కోపంగా కూడా అనలేదు. ఈ తుంటి జబ్బు మగపిల్లల కంటే ఆడపిల్లల్లోనే ఎక్కువ, మంత్రి గారూ. ఆడపిల్ల కోసం వేసిన తాళం ఈ ఆడపిల్లకు ఏం చేసిందో మీ అధికారుల్లో ఒక్కరైనా వచ్చి ఆ గజ్జెల చప్పుడు వింటే బాగుండును.

సొంతంగా నేర్చుకోవచ్చు కదా అన్నారొకరు. నేర్చుకుందామనే తెల్లవారుజామున బస్సెక్కి చెన్నై వెళ్లాను, ఒక్కరోజు శిక్షణకు, స్టైపెండు డబ్బులతో. ఒక్కో యంత్రానికి ఎనిమిది మందిమి. నా వంతు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చున్న కుర్రాడి భుజం మీద జెల్ రాసి ప్రోబు పెట్టాను. కండను ఎముకకు కట్టిపడేసే టెండన్‌లో నల్లగా మచ్చ. ‘చిరిగింది సార్’ అన్నాను గొప్పగా. శిక్షకుడు నా మణికట్టు పట్టుకుని వెంట్రుకవాసి వంచాడు. మచ్చ మాయమైంది. ప్రోబు పంపే శబ్ద తరంగం టెండన్ పోగులకు నిటారుగా తగలకపోతే ఆరోగ్యంగా ఉన్నదే నల్లగా కనిపిస్తుందట. ఆ కుర్రాడికి ఏ జబ్బూ లేదు, రోజూ వాలీబాల్ ఆడతాడట. నేను మాత్రం అతనికి ఆపరేషన్ దాకా ఆలోచించేశాను. ఇంతలో నా వంతు అయిపోయింది.

ఈ విద్య కంటితో వచ్చేది కాదు, చేతితో వచ్చేది. రోజూ పది కీళ్లు పట్టి చూడాలి, తప్పు చెప్పాలి, పక్కన ఒకరు ఉండి దిద్దాలి. మా ఊళ్లో కీళ్లకేమైనా కరువా? అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వాచిన మోకాళ్లతో దిగేవాళ్లే చాలు. ఇంజెక్షన్ వేసేటప్పుడు సూది కీలులోకి వెళ్లిందో పక్క కండలోకి వెళ్లిందో తెలియకుండా, వేలితో తడిమి అంచనాగా పొడుస్తున్నాం. భుజం నొప్పి అన్న ప్రతి మేస్త్రీకీ ఎంఆర్‌ఐ రాస్తున్నాం. తేదీ వచ్చేలోపు వాళ్లు నొప్పి బిళ్లలు మింగుతూ మళ్లీ సిమెంటు తట్ట ఎత్తుతున్నారు.

2014లో స్కానింగ్ చేసే డాక్టర్లకు ఆరు నెలల శిక్షణ నిబంధనలు తెచ్చారు కదా అనవచ్చు. 300 గంటల ఆ శిక్షణ కడుపు, పొత్తికడుపు స్కానింగ్‌కు. భుజం, మోకాలు నేర్చుకోవలసిన మాకు అందులో దారి ఏది? గర్భిణుల స్కానింగ్ చేస్తామని మేము అడగలేదు, అడగం కూడా. మా విభాగం పేరు మీద ఒక యంత్రాన్ని, తిన్నటి ప్రోబు ఒక్కదానితోనే రిజిస్టర్ చేయించండి. గదిలో కెమెరా పెట్టండి. చూసిన ప్రతి కీలుకూ రిజిస్టరు రాయమనండి, రాస్తాం. తాళం రెండు చేతుల్లో ఉండాలంటే అలాగే ఉంచండి. వారానికి రెండు మధ్యాహ్నాలు నేర్పడానికి ఒక రేడియాలజీ డాక్టరును కేటాయించండి. ఇవేవీ కుదరవంటే కుదరవని రాతపూర్వకంగానైనా చెప్పించండి. ‘పరిశీలనలో ఉంది’ అని మాత్రం వద్దు, దండం పెడతాను.

నా చదువు ఇంకో ఎనిమిది నెలల్లో అయిపోతుంది. నాకోసం ఇప్పుడు తలుపు తీసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. నిన్న మా మొదటి ఏడాది జూనియర్ ఒకడు నెలల పాపను చూసి వచ్చి ‘అన్నా, టక్కుమన్నట్టు అనిపించింది, స్కానింగ్‌కు రాయమంటావా?’ అని అడిగాడు. రాయమన్నాను. ఈసారి ఆ తల్లి ఫోను నంబరు కూడా రాసుకున్నాం. తేదీ నాలుగు వారాల తర్వాత ఇచ్చారు.

ఇట్లు,
ఎముకల విభాగం పీజీ విద్యార్థి,
తిరుపతి.