‘మరణ ప్రోటీన్’ అన్న పేరుతో వచ్చిన చిక్కు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ విజ్ఞాన పుటలో కణ మరణంపై వచ్చిన వ్యాసంలో డీఏపీ3ని (డెత్ అసోసియేటెడ్ ప్రోటీన్ 3, అంటే మరణంతో ముడిపడిన ప్రోటీన్) ‘కణాన్ని చంపే ప్రోటీన్’ అని పేర్కొని, దాన్ని తొలగిస్తే కణాలకు చావే ఉండదన్నట్టు రాశారు. చాలాకాలం జంతుశాస్త్రం బోధించినవాడిగా ఇందులో సవరించవలసింది ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పేరు ఎలా వచ్చిందో చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ విజ్ఞాన సంస్థలో ఆదీ కిమ్చీ బృందం, ఇంటర్‌ఫెరాన్ గామా (రోగనిరోధక కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్) తగిలితే చనిపోవలసిన హేలా కణాల్లో (ప్రయోగశాలల్లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఏదో ఒక జన్యువు నోరు నొక్కుతూ, ఏ కణాలు బతికి మిగిలాయో గమనించింది. అలా మిగిలిన కణాల ద్వారా పట్టుబడిన జన్యువుల్లో డీఏపీ3 ఒకటి. ఆ ఫలితాలు 1995లో వెలువడ్డాయి. మరణానికి అది అవసరమని మాత్రమే అప్పుడు తేలింది, దాని పని అదొక్కటేనని కాదు. తరువాత పశువుల కాలేయంలోని మైటోకాండ్రియాల నుంచి రైబోజోములను (ప్రోటీన్లను తయారుచేసే యంత్రాలను) వేరుచేసి వాటి ప్రోటీన్లను గుర్తించినప్పుడు, ఇదే డీఏపీ3 ఆ రైబోజోము చిన్న భాగంలో గోడలో ఇటుకలా ఇమిడి కనిపించింది. కణ మరణంతోనే ముడిపెట్టిన పీడీసీడీ9 అనే మరో ప్రోటీనూ ఆ రైబోజోములోనే దొరికింది.

మైటోకాండ్రియాను ‘కణ శక్త్యాగారం’ అని చెప్పి ఊరుకుంటాం (తరగతిలో నేనూ అంతే చేశాను). దాని సొంత డీఎన్ఏ తయారుచేయించే ప్రోటీన్లు 13 మాత్రమే, అన్నీ శక్తి పుట్టించే యంత్రాంగంలో భాగాలే. ఆ పదమూడింటిని తయారుచేసే రైబోజోముకు మాత్రం దాదాపు 80 ప్రోటీన్లు కావాలి. అవన్నీ కేంద్రకంలోని జన్యువుల ఆదేశంతో బయట తయారై లోపలికి చేరతాయి. వాటిలో ఎల్41 అనేది, కణాన్ని చావు నుంచి కాపాడే బీసీఎల్2 ప్రోటీన్‌ను అంటుకుంటుందని కూడా కనుగొన్నారు.

ఇక డీఏపీ3ని తొలగిస్తే ఏమవుతుందన్నది ఊహకు వదిలేయవలసిన ప్రశ్న కాదు. ఆ జన్యువు లేకుండా చేసిన ఎలుక పిండాలు మైటోకాండ్రియాలు కుంచించుకుపోయి గర్భంలోనే చనిపోయాయి. మీ వ్యాసం చెప్పిన చిరంజీవత్వానికి ఇది పూర్తిగా విరుద్ధం. రైబోజోములో ఇమిడి ఉండే ప్రోటీన్, కణం అంచున మొదలయ్యే మరణ సంకేతంలో ఎలా పాలుపంచుకుంటుందన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది. వ్యాసంలో ఆ మాటే లేదు.

వచ్చే ఆదివారం అదే పుటలో ఈ సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి