రెండుసార్లు నొక్కితే అయిపోయేది

ప్రభువునందు ప్రియమైన బిడ్డకు,

మీ డాడీ రాయునది. ఇక్కడ మేమిద్దరం దేవుని కృపల మంచిగున్నం. మీ మమ్మీ మోకాళ్ల నొప్పి ఎప్పటిలెక్కనే. అల్లునికి మా వందనాలు చెప్పు, మనుమనికి ముద్దులు.

ఫోన్ల చెప్పరాదా, ఉత్తరం ఎందుకు అంటవ్. ఫోన్ల నన్ను సాంతం మాట్లాడనియ్యవు. మొదలుపెట్టంగనే "సరే డాడీ, ప్రార్థన చెయ్యి" అని పెట్టేస్తవ్. ప్రార్థన చేస్తనే ఉన్న. ఇది దాంతోని అయ్యే ముచ్చట కాదు.

మొన్న మేము వచ్చినప్పుడు అడిగినవ్ గదా, ఆ ఆరాధన పాటల టీంతోని పాడనీకి పోవాల్నా వద్దా అని. శని ఆదివారాలు ఒకసారి కరీంనగర్, ఒకసారి మంచిర్యాల, ఇంకోసారి ఖమ్మం. అప్పటికప్పుడు నేనేం చెప్పలే. ఆ రాత్రి బాబు నిద్ర రాక "మమ్మీ పాడు" అన్నడు. తెల్లారి రికార్డింగ్ ఉన్నది, గొంతు దాచుకోవాలె అనుకొని నువ్వు ఫోన్ల నీ పాటే పెట్టి వాని దిండు పక్కన పెట్టినవ్. వాడు కొంచెంసేపు విని, "ఈ మమ్మీ కాదు" అని ఫోన్ బోర్ల పెట్టిండు. నువ్వు నవ్వినవ్. నేను గూడ నవ్విన. తర్వాత నాకు నిద్ర పట్టలే.

నిన్ను అనడానికి నాకు నోరెక్కడిది? నీకంటే పెద్ద తప్పులే చేసిన నేను.

నీ చిన్నప్పుడు నేను ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణం గుమస్తాను. పొద్దున కాంటాల కాడ నిలబడాలె, రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాయాలె, చిట్టా సరిచూడాలె. డిసెంబర్ అంటే అందరికీ క్రిస్మస్, మాకు పత్తి బస్తాలు. అదే నెలల సెమీ క్రిస్మస్‌లు, పండుగకు ముందు చేసుకునే కూటాలు. పొద్దుగూకంగనే కీబోర్డ్ స్కూటర్ మీద కట్టుకొని పర్కాల, నర్సంపేట, ములుగు అని తిరిగేటోణ్ణి. రాత్రి ఒంటిగంటకు ఇంటికొస్తే నువ్వు పండుకొని ఉండేదానివి. పత్తి తగ్గుతుందనంగ మిర్చి దిగుతది. ఒకసారి కాంటా కాడికెళ్లి వచ్చి చేతులు కడుక్కోకుండ నిన్ను ఎత్తుకున్న. కండ్లు మండి నువ్వు ఒకటే ఏడుపు. మీ మమ్మీ నీ కండ్లు కడుక్కుంట, "కీబోర్డ్ ముట్టేటప్పుడైతే సబ్బు పెట్టి కడుగుతవ్" అన్నది. నిజమే, రీడ్ల మీద కారం పడితే ఖరాబైతయని భయం.

ఇగ నీ తొమ్మిదో ఏట క్రిస్మస్. నువ్వు మర్చిపోయినవో లేదో, నేనైతే మర్చిపోలే. సండే స్కూల్ పిల్లలల్ల నీకొక్కదానికే సోలో ఇచ్చిన్రు. ఇంట్ల నెల రోజులు డి మేజర్ల నేర్పిన. స్టేజీ మీద భయానికి నువ్వు ఇంకొంచెం పైన ఎత్తుకున్నవ్, 'ఇ' మేజర్ల. కీబోర్డ్ మీద స్కేల్ జరిపే ట్రాన్స్‌పోజ్ గుండీ రెండుసార్లు నొక్కితే నేను నీ దగ్గరికి వచ్చేటోణ్ణి. నేనేం చేసిన? వాయించుడు ఆపిన. మైకుల "స్కేల్ తప్పినవ్, మళ్ల మొదటికెల్లి" అన్న. గుడి నిండ జనం. నువ్వు మొదలుపెట్టలే. కొంగు లేని గౌను కొసను నోట్ల పెట్టుకొని నిలబడ్డవ్. పాస్టర్ అయ్యగారే లేచి ప్రార్థన చేసి నిన్ను దించిండు.

స్కూటర్ మీద వచ్చేటప్పుడు మీ మమ్మీ హంటర్ రోడ్డు దాక మాట్లాడలే. ఆ తర్వాత అన్నది, "పాస్టరమ్మగారు ఎక్కడ ఎత్తుకున్నా రెండు సెకండ్లల పట్టుకుంటవ్. పెండ్లిళ్లల్ల వచ్చీరాని మేనమామలు పాడినా వెనుకనే పోతవ్. బిడ్డకు మాత్రం ఆ గుండీ దొరకలేదా?"

ఇంటర్ దాక నువ్వు ఒంటరిగ పాడలే. మంది "పిల్లకు సిగ్గు" అన్నరు. నేను గూడ అట్లనే చెప్పుకున్న.

మీ తాత సంగతి వేరే. ఆయన ఊరు డోర్నకల్ దిక్కు. కూలి చేసి వచ్చి, కాళ్లు కడుక్కొని, రాత్రి ప్రార్థనకు కంజర పట్టుకునేటోడు. కీర్తనల పుస్తకంల చాలా పాటల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటయి గదా, అవి ఆయనకు చదవరాకపోయేది, రాగం మాత్రం తప్పకపోయేది. మమ్మల్నందర్నీ చాప మీద చుట్టూ కూసోబెట్టుకునేటోడు. ఎవడు శ్రుతి తప్పినా కంజర ఆపకపోయేది, ఇంకా గట్టిగ కొట్టి మా తప్పు మునిగేటట్టు చేసేటోడు. నన్నొకసారి డోర్నకల్ పెద్ద గుడికి తీసుకపోయిండు. 1939ల ప్రతిష్ఠ చేసిన గుడి, అజరయ్య బిషప్‌గారు కట్టించింది. స్తంభాలు చూస్తే దేవళం యాదికొస్తది, గుమ్మటాలు చూస్తే మసీదు. ఆ స్తంభాన్ని చేత్తో తట్టి, "మన రాగాలసొంటిదే ఇది గూడ, ఈ మన్నుదే" అన్నడు. ఆయన ఒక్క స్టేజీ ఎక్కలే, ఒక్క క్యాసెట్ చెయ్యలే.

నేను చేసిన. 1999ల మీ మమ్మీ గాజులు కుదువ పెట్టి 500 క్యాసెట్లు కొట్టించిన. సగం కూడ అమ్ముడుపోలే. మన మంచం కింద పెట్టిన ఆ డబ్బాలు గుంజుకొని వాటి మీద కూసోని నువ్వు హోంవర్క్ చేసినవ్. గాజులు విడిపించేసరికి నాలుగేండ్లు. అందుకే పైసల మాట చెప్తున్న, సిగ్గుపడకు. బైబిల్ల నెహెమ్యా 13వ అధ్యాయం తీసి చదువు. పాటగాండ్లకు రావాల్సిన భాగం ఇయ్యకపోతే వాళ్లు గుడి ఇడిసిపెట్టి ఎవరి పొలాలకు వాళ్లు పోయిన్రు. నెహెమ్యా వచ్చి పాటగాండ్లను తిట్టలే, పెద్దమనుషులను నిలదీసిండు. రానుపోను ఛార్జీలు, నీకియ్యాల్సింది ముందే అడుగు. "దేవుని సేవ కదమ్మా" అన్నోళ్లు మైక్‌సెట్టు ఆయనకు, టెంటు ఆయనకు పైసలు కట్టకుండ ఉంటున్నరా?

దినవృత్తాంతాలు మొదటి గ్రంథం 25 గూడ చదువు. దావీదు కాలంల పాటగాండ్లు 288 మంది, 24 వంతులు, వంతుకు 12 మంది. నేను ఎప్పుడూ ఈ లెక్క దగ్గరనే ఆగేటోణ్ణి, గుమస్తా బుద్ధి గదా. మొన్న మీ ఇంటినుంచి వచ్చినంక మళ్ల చదివితే హేమాను కనపడ్డడు. 14 మంది కొడుకులు, ముగ్గురు బిడ్డలు. అందరూ తండ్రి చేతికిందనే పాడిన్రట. 17 మంది పిల్లలల్ల ఒక్కరన్న స్కేల్ తప్పకుండ ఉంటరా? ఇంకోటి, వంతులు అంటే ఏంది? ఒకని వంతు అయినంక ఇంకొకడు ఎక్కుతడు, వీడు ఇంటికి పోతడు. మనమే వంతులు లేకుండ చేసుకున్నం.

భక్తి సంగతి గూడ దాచకుండ చెప్త. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే వెనుక కీబోర్డ్‌ల మెల్లగ స్ట్రింగ్స్ సౌండ్ పట్టుకోవాలె గదా. ఆమెన్ ఎప్పుడంటడో అని ఆయన మొఖమే చూడాలె. అట్ల 26 ఏండ్లు గుడిల ప్రార్థనకు కండ్లు మూయలే నేను. ప్రభు బల్ల కాడికి అందరూ పోయొచ్చినంక ఆఖరుకు ఉరుక్కుంట పోయి, గిన్నె నోటికి పెట్టుకొని, మళ్ల ఉరుక్కుంట వచ్చి కూసునేటోణ్ణి. చేతులు ఆరాధనల ఉండేటివి, మనసు రేపటి చిట్టాల ఉండేది. ఎవరికీ తెలువకపోయేది, ఎందుకంటే వేళ్లు తప్పకపోయేటివి. "బ్రదర్ ఎంత ఆత్మతోని వాయించిండు" అని చేతులు పట్టుకునేటోళ్లు.

పోవద్దని చెప్తలే. నీ గొంతు మంచిది, నాకంటే మంచిగ పాట కడుతవ్. నెలకు రెండు శని ఆదివారాలకే ఒప్పుకో. మూడోది అడిగితే, ఇంట్ల పనుంది అని చెప్పు, ప్రార్థన చేసి చెప్త అని నానబెట్టకు. నెలకు ఒక్క ఆదివారం మీ గుడిల మైకు ముట్టకుండ బాబును ఒళ్లె కూసోబెట్టుకొని చాప మీద కూసో. మొదట్ల కాళ్లు గుంజుతయి, వాయించేటోనికి ఎక్కడ తప్పింది, మైకుల ఈల ఎందుకొస్తుంది అనే ఉంటది ధ్యానం. రెండు మూడు నెలలు పోతే తగ్గుతది, మీ మమ్మీ చెప్పింది. నాకింకా తెల్వదు.

అందుకే ఈసారి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనల నేను వాయిస్తలేనని సంఘపెద్దలకు చెప్పిన. పొరుగు వాడకట్టు పిల్లగాడు ఒకడు నేర్చుకున్నడు, వాడు కూసుంటడు. వానికి రూపక తాళం ఇంకా సరిగ రాదు, అయినా కానియ్యి. పెద్దలు మొఖాలు చిన్నగ చేసుకున్నరు. మన గుడిల మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క గదా, బాబును నా దగ్గర కూసోబెట్టుకుంట. మధ్యల మీ పక్కకు ఉరికొస్తే రానియ్యి.

30 నాడు శాతవాహనకు వస్తే చీకటి పడ్డంక కాజీపేటల దిగుతరు. నేను స్టేషన్ కాడ ఉంట. బాబుకు స్వెటర్ మర్చిపోకు, ఇక్కడ చలి బాగుంది. కీబోర్డ్ అడాప్టర్ పోయింది, 12 వోల్టులది, పట్నంల దొరికితే ఒకటి పట్టుకొని రా. తొందరేం లేదు.

మీ డాడీ
హన్మకొండ