అమ్ములుకి, ఆ కోళ్ల సంగతి

అమ్ములూ,

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న మోకాలు కాస్త నయం, మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంకా గోడ పట్టుకుంటున్నారు. పెద్దత్తకి రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. చుక్కలమందు టైముకి వేసుకోమని రోజూ గుర్తుచేయాల్సి వస్తోంది. చంటి వెనకగది కిటికీకి కొత్త రెక్క బిగించాడు. నీ పాత పుస్తకాల పెట్టె దులిపి ఎండలో పెడితే నీ చిన్నప్పటి డ్రాయింగ్ పుస్తకం దొరికింది. బుజ్జికి చూపిద్దువుగాని అని విడిగా దాచాను.

అన్నట్టు మొన్న రాజి ఫోన్ చేసింది. మాటల మధ్యలో, "అమ్ములు వాళ్ళ గేటుకి నోటీసు అంటించారట కదా అక్కా" అంది. దేనికే అంటే కోళ్ల గురించట అంది. అంతకు మించి తనకీ తెలియదు, ఎవరో అనుకుంటుంటే విన్నదట. నువ్వేమో ఫోన్ ఎత్తి ఎన్నాళ్ళైందో. మెసేజ్ పెడితే ఒక బొమ్మ పంపించి ఊరుకుంటావు. సరే, పనుల్లో ఉంటావు, నిన్నేమీ అనను. రాజి మాట నిజమో కాదో కూడా అడగడం లేదు. కిందటిసారి వీడియోలో బుజ్జి కోడిపిల్లల్ని చూపించింది కదా, అవి గుర్తొచ్చి రాస్తున్నాను.

ఆ వీడియో మళ్ళీ చూశాను. వాటిలో గోధుమరంగుది, కాళ్ళు లావుగా ఉన్నది, నాకెందుకో పెట్టలా అనిపించలేదు. అమ్మినవాళ్ళు అన్నీ పెట్టలేనని చెప్పి ఉంటారు. ఒక్కరోజు పిల్లల్లో ఆడా మగా తేల్చడం చెయ్యి తిరిగినవాళ్ళకి కూడా అన్నిసార్లూ కుదరదు. నాలుగైదు నెలలు వచ్చి కూత మొదలుపెట్టాకే చాలామందికి తెలుస్తుంది. లెక్క చూస్తే వాటికి ఇప్పుడు ఆ వయసే. కూసిందా? గుడ్ల కోసం పుంజు అక్కర్లేదమ్మా. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పొదిగితే పిల్ల రాదు, అంతే తేడా. ఈ సంగతి తెలియక ఉంచుకునేవాళ్ళు ఎంతమందో. ఇళ్ల మధ్య కోళ్లు పెంచుకోవచ్చని ఒప్పుకునే ఊళ్ళు కూడా పుంజు దగ్గరికి వచ్చేసరికి చాలావరకు వద్దనేస్తాయి.

అల్లుడుగారి స్నేహితుడు ఎనిమిది కోళ్లు పెంచుతున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు అని అప్పుడెప్పుడో చెప్పావు. ఆయన ఊరు వేరు, మీ ఊరు వేరు. ఇలాంటి రూళ్లు చాలావరకు ఏ ఊరికి ఆ ఊరు రాసుకునేవి. అమెరికాలోని సియాటెల్ లో 2010లో పరిమితిని మూడు నుంచి ఎనిమిదికి పెంచారట, పుంజుల్ని మాత్రం వద్దన్నారు. న్యూయార్క్ లో పెట్టలు పెంచుకోవచ్చు, పుంజులూ బాతులూ కూడదు. ఇంగ్లండ్‌లో అయితే 2024 అక్టోబర్ 1 నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాల్సిందే. మీ నాన్న ఇవన్నీ చదివి వినిపించారు. కాబట్టి స్నేహితుడి మాట పట్టుకుని నోటీసుకి జవాబు రాయకు. ఒకవేళ వచ్చి ఉంటే అనే అంటున్నాను.

మున్సిపాలిటీ ఒక్కటే కాదు, అది ముఖ్యం. మీది అద్దె ఇల్లు. అద్దె కాగితంలో జంతువులు, పక్షుల గురించి ఏం రాసి ఉందో చూశావా? కాలనీ అసోసియేషన్ నియమాలు ఇంకొకటి. మున్సిపాలిటీ సరేనన్నా, ఇంటాయన కాదంటే కోళ్లు ఉంచలేవు, అసోసియేషన్ కాదన్నా అంతే. ఇంటాయన నోటితో "ఏం పర్వాలేదులెండి" అన్నాడని చెప్పకు. ఒక్క వాక్యమైనా రాయించుకో. నోటిమాట గొడవ వచ్చిన రోజున ఎవరికీ గుర్తుండదు.

నేను పనిచేసిన ఆఫీసులో ఫిర్యాదుల రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది, నీకు తెలుసుగా. కోళ్ల మీద ఫిర్యాదులు ఎన్ని రాసుకున్నానో. వాటిలో కోడి మీద కోపం ఎప్పుడూ కనబడలేదు నాకు. నిద్ర, వాసన, ఎలుకలు, ఈ మూడే. రూళ్లు కూడా వీటి కోసమే పుట్టాయి. ఎన్ని కోళ్లు, పక్కింటి గోడకి గూడు ఎంత దూరం, వెనక పెరట్లోనే ఉండాలా, వదిలేసి తిప్పొచ్చా, గుడ్లు అమ్మొచ్చా, అక్కడే కోయడం కుదురుతుందా, ఇదంతా ఆ మూడింటి చుట్టూ తిరిగేదే.

ఒక మాస్టారి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. పేరు వద్దులే. చాలా పద్ధతైన మనిషి. రిటైరయ్యాక ఆరు పిల్లల్ని తెచ్చుకున్నారు, ముందుగా మా ఆఫీసుకి వచ్చి రూలు అడిగి రాసుకున్నారు కూడా. ఆరు వరకు ఉంచుకోవచ్చు, పుంజు కూడదు, నివాసానికి ఇంత దూరం ఉండాలి. ఆయన టేపు పెట్టి కొలిచి గూడు కట్టించారు. కొన్నాళ్ళకి పక్కింటి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ ఇంట్లో నర్సు ఒకావిడ, నైట్ డ్యూటీ చేసి తెల్లవారుజామున వచ్చి పడుకునేది. ఆవిడ కన్ను మూతపడే వేళకి ఆరింటిలో ఒకటి కూత మొదలుపెట్టేది. మాస్టారు ఆ పిల్ల పుంజని గుర్తించారు, అయినా ఇవ్వడానికి ప్రాణం ఒప్పలేదు, మనవడు దానికి పేరు పెట్టుకున్నాడు. చీకట్లో ఉంటే కూయదని రాత్రిళ్లు గంప బోర్లించి, పైన దుప్పటి కప్పేవారు. అది చీకట్లోనే కూసేది. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో తేల్చారు కదా, పుంజు ఒంట్లోనే గడియారం ఉంటుంది, వెలుతురు కనబడకపోయినా ఆ టైముకి కూస్తుందని. ఆ రోజుల్లో మాకెవరికీ అది తెలియదు, ఆ నర్సమ్మకి మాత్రం తెలిసింది.

ఇన్‌స్పెక్టరు వెళ్ళాడు. మాస్టారు కాగితం చూపించి, దూరం అంతా రూలు ప్రకారమే ఉంది అన్నారు. ఇన్‌స్పెక్టరు టేపు తీసి చూస్తే ఆయన కొలిచింది గూటి నుంచి తన ఇంటికి. కొలవాల్సింది పక్కవాళ్ళ ఇంటికి. నీడ పడుతుందని గూడు తీసుకెళ్ళి సరిగ్గా ఆవిడ పడకగది కిటికీ కిందే కట్టించారు. పెద్దమనిషి, సిగ్గుపడిపోయారు పాపం. ఆ వారంలోనే పుంజుని పొలం ఉన్న బంధువులకి పంపించేశారు, గూడు అవతలి మూలకి మార్చారు. నర్సమ్మ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. అక్కడితో అయిపోయిందనుకున్నాం. రెండు నెలలకి వెనకింటి వాళ్ళు వచ్చారు, ఎలుకలని. మాస్టారు సాయంత్రం దాణా తొట్టి నిండా పోసి అలాగే వదిలేసేవారు, పొద్దున్నే వాటికి ఆకలేస్తుందని. పెద్ద కోడికి రోజుకి నూటపది, నూటఇరవై గ్రాములు చాలు. మిగిలింది మొత్తం ఎలుకలు తినేవి. ఈసారి ఎవరూ నోటీసు ఇవ్వనక్కర్లేకుండా నేనే చెప్పాను: చీకటి పడేలోపు తొట్టి లోపల పెట్టండి, దాణా బస్తాలో కాకుండా మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పోయండి అని. ఆయన విన్నారు. ఆ తర్వాత మళ్ళీ ఆ ఇంటి పేరు నా రిజిస్టరులోకి రాలేదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మీ గూడు ఎవరి కిటికీ వైపు ఉందో ఒకసారి చూడు. వీడియోలో గూటి వెనక గోడ మీద ఏసీ డబ్బా ఒకటి కనబడింది. అది మీ గోడ కాదు. అవతల పడుకునేది ఎవరు? చంటిపిల్లలు ఉన్నారా? వాళ్ళతో నువ్వు మాట్లాడావా అసలు? నోటీసు ఎవరి వల్ల వచ్చిందని ఆరా తీయకు, గోడ మీద నుంచి ఒక్క మాటా విసరకు. నువ్వు కోపం వస్తే గొంతు పెంచుతావు, మీ నాన్న పోలిక. ముందు వెళ్ళి, మీకు ఏది ఇబ్బందిగా ఉందో చెప్పండి, సర్దుకుంటాం అను.

నోటీసు చేతికి వస్తే తేదీ చూడు, ఏ నియమం కింద ఇచ్చారో నంబరు చూడు, ఎన్ని రోజుల గడువో చూడు. గడువు లోపల రాతపూర్వకంగా జవాబు ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకో. గడువు పొడిగించమని అడగొచ్చు, తప్పేం కాదు. తెచ్చిన మనిషి మీద విసుక్కోకు, ఎండలో తిరిగి వచ్చి ఉంటాడు, మంచినీళ్లు ఇవ్వు. రూలు కాగితం కూడా ఆఫీసులోనే అడిగి తీసుకో. ఫోన్‌లో ఎవరో చెప్పింది రాసుకుని తృప్తిపడకు.

వాసన మాట కూడా చెప్పాలి. రెట్టకి కంపు తడి వల్లే ఎక్కువ. కింద రంపపు పొట్టు మందంగా వేసి, తడిసిన చోట ఎప్పటికప్పుడు తీసెయ్యి. గూటికి గాలి పైనుంచి ఆడాలి, కోళ్ల మీదికి కొట్టకూడదు. ఒక్కో కోడికి లోపల నాలుగు చదరపు అడుగులైనా, బయట తిరగడానికి పది చదరపు అడుగులైనా ఉండాలి. ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పచ్చి రెట్ట మొక్కలకి వెయ్యకు, మాడిపోతాయి, కొన్ని నెలలు మాగనివ్వు. జాలీ విషయం అల్లుడుగారికి చెప్పు, పెద్ద కన్నాల కోళ్ల జాలీ కోళ్లని లోపల ఉంచుతుందేగాని పిల్లినీ పామునీ బయట ఉంచదు. అరంగుళం కన్నాల గట్టి మెష్ వేయించాలి, కింద నేలలో ఒక అడుగు దిగేలా.

బుజ్జి వాటిని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటోంది వీడియోలో. వద్దమ్మా. చూడటానికి శుభ్రంగా ఉన్న కోడి ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే క్రిమి ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకి ఇంకా జాగ్రత్త. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించు, గూట్లోకి వెళ్ళే చెప్పులు ఇంట్లోకి రానివ్వకు. ఎప్పుడైనా రెండు మూడు ఒకేసారి చచ్చిపడితే ముట్టుకోకు, పాతిపెట్టకు, వెంటనే పశువైద్యుడికి చెప్పు. బర్డ్ ఫ్లూ రోజుల్లో దాచిపెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. బుజ్జి ఏడుస్తుందని పుంజు విషయం వాయిదా వెయ్యకు. మంచి చోటికి పంపిస్తున్నామని చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. నాలుగు పెట్టలు మిగిలినా చాలు దానికి ఆడుకోవడానికి.

ఇంకొకటి. అవి రెండు మూడేళ్లు బాగా గుడ్లు పెడతాయి, తర్వాత తగ్గిపోతాయి. బాగా చూసుకుంటే ఆరేడేళ్లు బతుకుతాయి. అప్పుడేం చేస్తారో ఇప్పుడే అనుకోండి ఇద్దరూ.

నువ్వు సన్నబడ్డావని రాజి అంది. టెన్షన్ పడి తిండి మానేయకు. ఎక్కడా ఇరుక్కుపోయేంత పెద్ద సంగతి కాదిది, కాగితాలు సరిచేసుకుంటే అయిపోతుంది. అవసరమైతే నేనే వచ్చి ఆఫీసుకి వెళ్తాను, ఆ బల్లల దగ్గర ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. ఫోన్ చెయ్యి. రాత్రి ఆలస్యమైనా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

మీ నాన్న గూటి తలుపుకని రెండు గడియలు కొని ఉంచారు, కుక్క మూతితో తోసినా ఊడిరానివి. చంటి రేపు పార్సిల్ చేస్తానంటున్నాడు. మీ ఇంటికి కొత్త నంబరు ఇచ్చారన్నావు, అడ్రసులో అదే రాయాలా, పాతది రాయాలా?

అమ్మ